పేరున్న సామాను

"అసలుది కానిదంతా నకిలీదే కదండీ, గురువుగారూ? మరి మీరు ఒకదాన్ని అవతలికి తోసేసి, ఇంకోదాన్ని లోపలికి రానిస్తారేంటి?" అని నూకరాజు ఒకనాడు తన గురువును అడిగాడు.

ఈ ప్రశ్న పుట్టింది ఆశ్రమంలో కాదు. కాకినాడలో పోర్టుకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. మూలపడ్డ పాతకాలపు కార్లకు అక్కడ మళ్ళీ ప్రాణం పోస్తారు. దర్భాసనాల బదులు అరిగిన టైర్లు, కమండలం బదులు ఆయిలు డబ్బా; అంతకుమించి గురుకులానికి ఉండవలసినవన్నీ ఉన్నాయి. షెడ్డుకు పెద్ద బుల్లబ్బాయి మేస్త్రీ. ఏ విడిభాగం వచ్చినా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో తడిమి, "ఉంచు" అనో "పట్టుకుపో" అనో అనేవాడు. ఎందుకు ఉంచమన్నాడో, ఎందుకు పట్టుకుపొమ్మన్నాడో ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. చక్కెర జబ్బుతో ఈమధ్య చూపు మందగించింది కాబట్టి తడమడం ఇంకాస్త ఎక్కువైంది తప్ప, మాటలు మాత్రం పెరగలేదు.

ఆ పూట జరిగింది కూడా అదే. ఒక బ్రోకరు పెద్ద కంపెనీ పేరు ధగధగలాడే పెట్టెలో వాటర్ పంపు తెచ్చాడు. పైన పటారం లోన లొటారం అని నూకరాజు దూరంనుంచే పసిగట్టాడు. పెట్టె మీది అచ్చులో ఒక్క అక్షరం లావుగా పడినా చాలు, అతను డూప్లికేటు సామానును పట్టేసేవాడు. ఆ విషయంలో అతనంటే బజారుకు హడలు. గురువు కూడా పంపును పట్టుకుపొమ్మన్నాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ వెనకే సామర్లకోటనుంచి పోతపనివాడొకడు తను పోసిన తలుపు పిడులు తెచ్చాడు. పెట్టె లేదు, మెరుగు లేదు, చేత్తో పట్టుకుంటే గరుకు తగులుతోంది. గురువు వాటిని తడిమి తడిమి, ఉంచమన్నాడు. నూకరాజుకు తల తిరిగిపోయింది. కంపెనీ పెట్టెలో వచ్చింది అసలు, తక్కినదంతా నకిలీ అన్నది అతని లెక్క. లోకల్ అన్నా డూప్లికేటు అన్నా అతనికి ఒకటే మాట. ఆ మాటకొస్తే బజారులో అందరికీ ఒకటే మాట.

గురువు టీగ్లాసు కింద పెట్టి, "భ్రమరాంబగారి బండికి బ్రేకులు నువ్వు చూడు. సామాను కూడా నువ్వే ఎంచి తెచ్చుకో. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇన్నేళ్ళ కొలువులో నూకరాజు ఇంజన్లు విప్పాడు, గేరుబాక్సులు కట్టాడు. బ్రేకులు మాత్రం గురువు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. దసరా దాటాక ఇంటిపట్టున ఉంటానని ఆయన అప్పటికే ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత షెడ్డు నడవాలంటే ఈ పని గట్టెక్కాలని నూకరాజుకు వేరే చెప్పనక్కర్లేదు.

అసలు అతను ఆ ప్రశ్న అడగడానికి వెనక మరో ప్రశ్న ఉంది, అది బయటికి అడిగేది కాదు. బజారులో అతనికి పెట్టిన పేరు 'డూప్లికేటు మేస్త్రీ'. బానెట్ ఎత్తేముందు గురువు దగ్గుతాడు కనుక ఇతనూ దగ్గేవాడు. గురువు స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి ఇంజను చప్పుడు వింటాడు కనుక ఇతనూ వినేవాడు, అవసరం ఉన్నా లేకపోయినా. తువ్వాలు ఎడమభుజం మీద వేసుకోవడం దగ్గరనుంచి అన్నీ ఆయనవే. భక్తితో చేసినదే అది, వెటకారంతో కాదు. కానీ బండ్లవాళ్ళు వచ్చి ఇతన్ని దాటుకుని "మేస్త్రీగారు లేరా?" అని అడిగినప్పుడల్లా అతనికి లోపల చిన్నతనంగా ఉండేది. రేపు ఆయన లేని షెడ్డులో తను నిలబడితే జనం తనను ఏ లెక్కలో జమకడతారన్నది అతని బెంగ.

భ్రమరాంబగారిది కాజాల కొట్టు. ఆవిడ వీధిలో అలాంటి కొట్లు వరసగా ఉన్నాయి. ప్రతి బోర్డు మీదా 'అసలైన' అని రాసి ఉంటుంది కనుక, ఆ వీధిలో నకిలీ కొట్టు ఒక్కటీ లేదనే అనుకోవాలి. భ్రమరాంబగారి బోర్డు మీద మాత్రం ఆ మాట లేదు, వాళ్ళ నాన్న పేరు ఒక్కటే ఉంది. ఆయన పెళ్ళిళ్ళకు కాజాలు మోసుకెళ్ళిన పాత అంబాసిడరే ఇప్పుడు షెడ్డులో ఉన్నది. దానిమీదే ఆయన కూతురికి డ్రైవింగు నేర్పాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని అక్కగారిని అదే బండిలో కూర్చోబెట్టుకుని, తనే నడుపుకుంటూ అన్నవరం కొండమీదికి వెళ్ళి, సత్యనారాయణ వ్రతం చేయించి, బండికి పూజ చేయించుకు రావాలని భ్రమరాంబగారి కోరిక. కొండ ఎక్కడం ఇంజను పని. దిగడం బ్రేకుల పని.

ఆ బ్రేకులకు ప్రాణమంతా చిన్న చిన్న రబ్బరు కప్పుల్లో ఉంటుంది. కాలితో తొక్కితే ఆయిలును చక్రాల దాకా నెట్టేవి అవే. వాటికోసం నూకరాజు రాజమండ్రి దాకా వెళ్ళి, మూతపడబోతున్న ఒక పాత దుకాణంలో అటకలు వెతికించాడు. చివరికి దొరికింది, ఆ కాలంనాటి కంపెనీ పెట్టె, సీలు కూడా ఊడకుండా. నూకరాజు భూతద్దం పెట్టి అచ్చు చూశాడు, సీలు చూశాడు, గుర్తు చూశాడు. కల్తీ లేదు, నూటికి నూరుపాళ్ళు అసలు సామాను. దుకాణదారు లోకల్ రబ్బరు కప్పుల కిట్టు కూడా ఒకటి పైన పెట్టి, పాత బండికి ఇది చాలునండీ, ఊరికే పట్టుకెళ్ళండన్నాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడమెందుకని నూకరాజు దాన్ని సంచిలో పడేశాడు గాని, మళ్ళీ దాని మొహం చూడలేదు.

అసలు కప్పులు బిగించాడు, ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తీశాడు, పెడలు తొక్కి చూశాడు. రాయిలా నిలబడింది. ఆ సాయంత్రమే భ్రమరాంబగారు బండి చూసుకోవడానికి వచ్చారు. రంగు చూసి ముచ్చటపడ్డారు, సీట్ల గుడ్డ చూసి పెదవి విరిచారు, ఆఖరున అసలు సంగతి అడిగారు.

"బ్రేకులు ఎవరు చూశారయ్యా?"

నూకరాజుకు ఏమైందో గాని, "గురువుగారేనండీ" అని నోట్లోంచి వచ్చేసింది.

అబద్ధం చెబుదామని చెప్పింది కాదు. నేనే అంటే ఆవిడ మొహంలో వచ్చే మార్పు అతనికి ముందే కనిపించింది. దాన్ని తప్పించుకుందామని అన్నాడంతే. భ్రమరాంబగారు నెమ్మదించి, అయితే శుక్రవారం కొండకు వెళ్ళిపోతామని చెప్పి కదిలారు. టైరు మీద కూర్చుని టీ తాగుతున్న బుల్లబ్బాయి మేస్త్రీకి ఆ మాట వినపడకపోవడానికి వీల్లేదు. ఆయన గ్లాసులోంచి మొహం ఎత్తలేదు.

ఆవిడ వెళ్ళాక బండిని నడిపి చూద్దామని ట్రయలుకు బయల్దేరారు. నూకరాజు నడుపుతున్నాడు, గురువు వెనకసీట్లో చేరగిలబడ్డాడు. బండి పిలిస్తే పలికినట్టు పోతోంది. సామర్లకోట రోడ్డులో రైలుగేటు పడింది. అక్కడ కొంచెం వాలు కాబట్టి నూకరాజు పెడలు మీద కాలు నొక్కిపెట్టి ఉంచాడు. గూడ్సు బండి ఎంతకీ తెమలడం లేదు. అప్పుడు తెలిసింది అతని పాదానికి. నొక్కిపెట్టిన పెడలు చీమ నడిచినంత నెమ్మదిగా కిందికి దిగుతోంది. కాలు తీసి మళ్ళీ తొక్కితే పైకి వచ్చింది. ఉంచితే మళ్ళీ దిగింది.

ఊళ్ళో తిరిగేటప్పుడు ఇది ఎవరికీ తెలియదు. తొక్కుతారు, వదులుతారు, బండి ఆగుతుంది. కొండ దిగేటప్పుడు అలా కాదు, మలుపు మలుపుకూ కాలు నొక్కిపెట్టే ఉంచాలి. నూకరాజుకు ముందుగా తోచింది, అసలు సామాను కదా, దానిలో లోపం ఉండదని. తర్వాత తోచింది, ఎక్కడో కాస్త గాలి మిగిలి ఉంటుందని. ఆ తర్వాత, ఒకవేళ కొండమీద ఏదైనా జరిగితే జనం ఏమంటారన్న ఆలోచన వచ్చింది. బుల్లబ్బాయి మేస్త్రీ చేతి బ్రేకులు పోయాయంటారు. నూకరాజు పేరు ఎక్కడా రాదు. ఒక్క క్షణం అతనికి హాయిగా అనిపించింది. ఆ హాయి ఎందుకొచ్చిందో తెలిసేసరికి చూపు అద్దంలోకి పోయింది. వెనకసీట్లో గురువు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రో మెలకువో తెలియలేదు.

షెడ్డుకు తిరిగొచ్చి బండి తాళం తీసి, నూకరాజు గురువు ముందు నిలబడ్డాడు. పెడలు దిగుతోందని చెప్పాడు. మీరు చేయని పనికి మీ పేరు చెప్పానని కూడా చెప్పాడు. గురువు ఊఁ కొట్టాడు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నూకరాజు చేతులైనా కడుక్కోకుండా కాజాల కొట్టుకు నడిచాడు.

కొట్టులో జనం ఉన్నారు. భ్రమరాంబగారు తక్కెడ దగ్గర ఉన్నారు. నూకరాజు జనం పలచబడేదాకా ఆగుదామనుకున్నాడు గాని, ఆగితే ధైర్యం చాలదని అందరిముందే చెప్పేశాడు. బ్రేకులు చూసింది గురువుగారు కాదు, తనే. అవి సరిగా లేవు. శుక్రవారం ప్రయాణం పెట్టుకోవద్దు.

ఆవిడ కాజాలు తూయడం ఆపి, మేస్త్రీగారి పేరెందుకు చెప్పావని అడిగారు. నా పేరు చెబితే మీరు బండి తీసుకోరని భయపడ్డానండీ అన్నాడు నూకరాజు.

"నాలుగు కొట్ల అవతలవాడు కూడా ఇదే మాట అన్నాడయ్యా," అన్నారు భ్రమరాంబగారు. "మా నాన్న పేరు వాడి బోర్డుకి రాయించుకున్నాడు. ఇదేం పనిరా అని అడిగితే, నా పేరు పెడితే ఎవరు కొంటారమ్మా అన్నాడు."

కోపంగా అన్నట్టు లేదు. కోపంగా అనుంటే బాగుండుననిపించింది నూకరాజుకు. పౌర్ణమి దాకా చూస్తాననీ, అప్పటికీ నమ్మకం కుదరకపోతే బండిని వేరే చోటికి తోలిస్తాననీ చెప్పి, ఆవిడ మళ్ళీ తక్కెడ అందుకున్నారు. షెడ్డులో దిగిన బండి పని పూర్తికాకుండా గడప దాటి పోవడమంటే ఏమిటో నూకరాజుకు తెలుసు. గురువు చూస్తుండగా అలాంటిది ఎన్నడూ జరగలేదు.

మర్నాడు పొద్దున్నే అతను బ్రేకులు విప్పాడు. పెట్టెను భూతద్దంతో చూసినవాడు, సీలును నిమిరి చూసినవాడు, ఆ కప్పును వేళ్ళ మధ్య పెట్టి వంచి మాత్రం చూడలేదు. ఇప్పుడు వంచాడు. అంచు పొడవునా వెంట్రుకవాసి బీటలు. కల్తీది కాదు పాపం, అసలుదే. పెట్టెలో ఉండి ఉండి ముసలిదైపోయింది, అంతే. దాన్ని చేసిన కంపెనీ మూతపడి ఎన్నాళ్ళయిందో! ఎవరినని అడుగుతాడు?

అప్పుడు సంచిలోంచి లోకల్ కిట్టు బయటికి తీశాడు. పలచని ప్లాస్టిక్ కవరు. లోపల చిన్న కాగితం మీద 'ముత్యాలమ్మ రబ్బరు పనులు, రామచంద్రపురం' అనీ, దానికింద ఒక మనిషి పేరూ, ఫోను నంబరూ, చేసిన నెలా ఉన్నాయి. ఏ పెద్ద కంపెనీ గుర్తునూ పోలినట్టు లేదు. పోల్చాలన్న ప్రయత్నం కూడా కనపడలేదు. ఇలాంటి సరుకు ఎంతకాలంగానో అతని చేతుల్లోంచి పోతున్నదే గాని, అందులోని కాగితం చదవడం అతనికి ఇదే మొదలు. ఒక అనుమానంతోనే ఆ నంబరుకు ఫోను చేశాడు.

"ఆయ్, అది మా సరుకేనండి. ఏమన్నా తేడా చేసిందా?" అంది అవతలి గొంతు.

ఇన్నేళ్ళలో నూకరాజు ఎన్ని వేల భాగాలు తూచాడో, గీకి చూశాడో, ఎండలో పట్టుకుని చూశాడో. ఇలా పిలిస్తే పలికినది ఒక్కటీ లేదు. అవతలి మనిషి బండి ఏదని అడిగాడు, ఏ ఏడాది మోడలని అడిగాడు. ఒక పూటంతా బ్రేకు ఆయిల్లో నానబెట్టి చూసుకోమనీ, ఉబ్బితే తిప్పి పంపేయమనీ, కొండకు వెళ్ళే బండి అయితే ముందు ఖాళీ బండితో వెళ్ళి రమ్మనీ చెప్పాడు. తన సరుకు గొప్పదని మాత్రం ఒక్కసారీ అనలేదు.

నూకరాజు నానబెట్టడానికి గిన్నె కోసం చుట్టూ చూస్తుంటే, బుల్లబ్బాయి మేస్త్రీ తను టీ తాగే స్టీలుగ్లాసు కడిగి అతని పక్కన పెట్టి వెళ్ళాడు. కప్పులు పగలంతా ఆయిల్లో మునిగి ఉన్నాయి. తీసి కొలిస్తే ఉబ్బలేదు, వంచితే బీట వారలేదు. బిగించాక నూకరాజు పెడలు మీద కాలు పెట్టి, కాలు తిమ్మిరెక్కేదాకా నొక్కిపెట్టాడు. పెడలు దిగలేదు. ఆ మర్నాడు ఒక్కడే అన్నవరం వెళ్ళి కొండెక్కి దిగాడు. దిగి, చక్రాలు తాకి చూసి, మళ్ళీ ఎక్కి దిగాడు. రెండోసారి దిగేటప్పుడు, బండిలో గురువు లేడన్న సంగతి అతనికి గుర్తే రాలేదు.

పౌర్ణమినాడు భ్రమరాంబగారు అక్కగారిని వెంటబెట్టుకుని వచ్చారు. పెద్దావిడ చేతిలో పూలు, అరటిపళ్ళ సంచి ఉన్నాయి. ఆవిడకు ఈ గొడవలేమీ తెలియవు, చిన్నప్పుడు ఎక్కిన బండిని మళ్ళీ చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. వెనకతలుపు తీసి, సాయం కూడా అక్కర్లేకుండా ఎక్కి కూర్చున్నారు. భ్రమరాంబగారు మాత్రం ఎక్కలేదు. నూకరాజు ఎదుటికి వచ్చి నిలబడ్డారు.

"ఈసారి బ్రేకులు ఎవరు చూశారు?"

"నేనేనండి," అన్నాడు నూకరాజు. "నూకరాజు అంటారు నన్ను."

"సామాను?"

"లోకలండి. కంపెనీది కాదు. రామచంద్రపురంలో చేశారు. చేసినాయన పేరూ నంబరూ మీ బండి డాష్‌బోర్డు అరలో పెట్టాను. ఏ తేడా వచ్చినా ఆయన పలుకుతాడండి. ఆయనకన్నా ముందు నేను పలుకుతాను."

భ్రమరాంబగారు అతన్ని కాసేపు చూశారు. తర్వాత వెనకసీట్లో కూర్చున్న అక్కగారిని చూశారు. ఏ వ్యాపారం చేసినవాళ్ళకైనా ఇలాంటి చోట ఒక పెద్దమనిషి మాట కావాలనిపిస్తుంది. ఆవిడ బుల్లబ్బాయి మేస్త్రీ వైపు తిరిగి, మీరైనా ఒకసారి చెయ్యి పెట్టి చూసి చెప్పండి మేస్త్రీగారూ, నమ్మొచ్చునా అని అడిగారు. నూకరాజు తల దించుకున్నాడు. ఆనాడు గురువును తను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేది ఇప్పుడేనని, వచ్చాక ఇక మార్చుకోవడానికి లేదని అతనికి అర్థమైంది.

బుల్లబ్బాయి మేస్త్రీ కూర్చున్న టైరు మీదనుంచి లేవలేదు. చెయ్యి చాచలేదు.

"నన్నడుగుతారేంటండీ," అన్నాడు, "తన పేరు చెప్పాడు కదా."